రక్షకుని ఆలయమునకు రక్షణ యెవ్వరు?

భగవంతుని నామములు వేయి యున్నను, ఆపదలో నున్నవాని నోట తొలుత వచ్చునది "స్వామీ, రక్షింపుము" అను మొరయే. వైష్ణవాలయ ద్వారమున జయవిజయులు నిలిచి యుందురు. సేనాధిపతియైన విష్వక్సేనుడు కాపుండును. గ్రామపు పొలిమేరలో గ్రామదేవత కావలి యుండును. ఇట్లు కావలి యుండు దేవత గుడియే నీట మునిగినచో, ఆ దేవత రక్షకత్వము మాట యేమి? తన గుడిని నిలుపుకొనలేని దైవము మన యింటిని నిలుపునా? నాస్తికుడు వేసినచో ఈ ప్రశ్న వాదము. గుడిని పోగొట్టుకొన్న భక్తుడు వేసినచో అది దుఃఖము. వాదమునకు బదులు చెప్పకున్నను, దుఃఖమునకు బదులు చెప్పక తప్పదు.

గోదావరి పాపికొండలను దాటి మైదానమునకు దిగివచ్చు దారిలో, దేవీపట్నము మండలమందలి గొందూరు వద్ద, నది యొడ్డున గండి పోశమ్మ ఆలయము కలదు. ఆ పరిసరములందలి కొండరెడ్ల, కోయల గూడెములకును, దిగువ పల్లెలకును ఆమె కావలి తల్లి. పడవలవారు ఆమెకు మ్రొక్కి నీట దిగుదురు. సర్వదేవతలకును అంతర్యామి శ్రీమన్నారాయణుడే యని నమ్మిన వైష్ణవునకును ఆ తల్లి కావలి పరాయిది కాదు. దిగువన పోలవరము వద్ద 2021 జూన్‌లో నది సహజ మార్గమును మూసి, నీటిని స్పిల్‌వే మీదుగా మరలించిరి. అది మొదలు వరదకాలమున ఆ గుడి నీట మునుగుచున్నది. నీరు తీసిన పిదప భక్తులు బురదను తొలగించి మరల దీపము వెలిగించుచున్నారు. జలాశయమున నిర్ణీతమైన 45.72 మీటర్ల మట్టమునకు నీరు నిలిచిన నాడు ఆ యొడ్డు జలగర్భమున చేరును.

రక్షకదైవము గుడి మరుగగుట ఈ యొక్క తీరముననే కలిగినది కాదు. ఆంధ్రదేశపు రేవులకు రోమకుల వర్తకము సాగిన కాలమున, ఆ రోము నగరమందే యిట్టి కథ యొకటి నడచినది. క్రీ.శ. 69 డిసెంబరులో సింహాసనము కొరకు అంతఃకలహము రేగి, శత్రుసేన కాపిటొలైన్ కొండను ముట్టడించెను. వెస్పాసియన్ కుమారుడైన డొమిషియన్ అను యువకుడు ఒక గుడి సేవకుని యింట దాగి, మరునాడు భక్తుని వేషమున తప్పించుకొనెను. తండ్రి చక్రవర్తి యైన పిమ్మట అతడు తాను దాగిన యింటిని పడగొట్టించి, ఆ తావున తనను కాచిన జూపిటర్ దేవునకు చిన్న గుడి కట్టించెను. తానే చక్రవర్తి యైన తరువాత జూపిటర్ కుస్టోస్, అనగా కావలివాడైన జూపిటర్, అను పేర గొప్ప ఆలయము నిర్మించి, దేవుని యొడిలో తన ప్రతిమను కూర్చుండబెట్టించెను. టాసిటస్ అను చరిత్రకారుడు దీనిని వ్రాసియుంచెను. 96లో డొమిషియన్ తన భవనమందే, తన పరివారము చేతనే హతుడయ్యెను. ఆ ఆలయము నేడు లేదు. అది యే తావున నుండెనో పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఈ కథలో చూడవలసినది ఆ గుడి సేవకుని. దేవుడు కాచెనన్నచో, కాచినది ఆ పేదవాని చేతులతోనే. కాని టాసిటస్ వ్రాతలో అతని పేరు లేదు. అతని యిల్లే ఆ గుడికి తావయ్యెను. డొమిషియన్ దైవమును గుర్తించెను గాని, దైవము తన కొరకు పంపిన మనుష్యుని గుర్తింపలేదు. దేవుని యొడిలో తన ప్రతిమ నుంచినవానికి ఆ యొడిలో మరియొకరికి చోటున్నదని తోచలేదు.

వైష్ణవ సంప్రదాయమున రక్షణ యిట్టిది కాదు. శరణాగతి యంగములలో రెండు దీనికి సంబంధించినవి: స్వామి తప్పక రక్షించునను మహావిశ్వాసము, నీవే రక్షకుడవు కమ్మని వేడుకొను గోప్తృత్వవరణము. అట్లు వేడిన భక్తునకు స్వామి చేయు ఉపకారములలో అర్చావతారము గొప్పది. సర్వస్వతంత్రుడైన వాడు అర్చకపరాధీనుడై, ఆరగింపు పెట్టినప్పుడు ఆరగించి, పవళింపజేసినప్పుడు పవళించును. లోకమును కాచువాడు తన్ను కాచుకొను భాగ్యమును భక్తున కిచ్చుచున్నాడు. ఇది అసమర్థత కాదు, సౌలభ్యము.

1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపైకి వచ్చినప్పుడు వయోవృద్ధులైన పిళ్ళై లోకాచార్యులు ఉత్సవమూర్తిని వెంటబెట్టుకొని దక్షిణమునకు తరలి, దారిలో జ్యోతిష్కుడి యందు పరమపదించిరి. రంగనాథుడు కొండలు, అడవులు దాటి, తిరుమలలో చిరకాలము వసించి, 1371లో శ్రీరంగమునకు మరల వేంచేసెను. తిరుమలలోని రంగనాయక మంటపము నేటికిని ఆ ప్రవాసమును జ్ఞప్తికి తెచ్చుచున్నది. స్వామి భక్తులను కాచెనా, భక్తులు స్వామిని కాచిరా యని విడదీయుటకు వీలులేదు. ఆచార్యుల భుజబలము స్వామి యిచ్చినదే.

ఇక గోదావరి యొడ్డునకు మరల వత్తము. 2019 సెప్టెంబరు 15న పోశమ్మ గుడి యొడ్డు నుండి పాపికొండలకు బయలుదేరిన విహారపు పడవ కచ్చులూరు వద్ద మునిగెను. డెబ్బదిమందికి పైగా నున్న ఆ పడవలో 26 మంది మాత్రమే బ్రదికిరి. మునిగినవారికి భక్తి చాలలేదనువాడు మహాపాపము మూటగట్టుకొనును. దేహమునకు అంతము లేకుండుటయే రక్షణ యని ఏ ఆచార్యుడును చెప్పలేదు. అయినను ఆనాడు కావలి పూర్తిగా లేకపోలేదు. ఒడ్డునున్న గిరిజనులు తమ చిన్న పడవలతో నదిలోనికి పోయి, చేతికందినవారిని ఒడ్డు చేర్చిరి. తల్లి చేతులెక్కడ నని వెదకువారు ఆ చేతులను చూడవలెను.

ఆ గిరిజనుల వంటివారి గూడెములే నేడు జలాశయము కొరకు ఖాళీ యగుచున్నవి. ఆ నీటివలన దిగువ దేశమున పొలములు తడియును, పట్టణముల దాహము తీరును. అందు దోషము లేదు. కాని ఆ నీరు త్రాగువాడు తనకు చోటిచ్చినవాని యిల్లు మరచినచో, అతడు డొమిషియన్ మార్గముననే నడచినవాడగును. పోశమ్మకు మెరకపై మరియొక గుడి కట్టవచ్చును. ఆమెకు దీపము పెట్టిన చేతులకు నీడయు, పొలమును దొరకనినాడు ఆ గుడి సగమే కట్టినట్లగును.

రక్షకుని ఆలయమునకు రక్షణ యెవ్వరను ప్రశ్నకు బదులు ఇదియే: స్వామి రక్షణను చవిచూచిన ప్రతివాడును. రాజమహేంద్రవరమున పుష్కరఘట్టమందు దోసిట నీరెత్తి సంకల్పము చెప్పుకొను యాత్రికుడు, ఆ నీరు ఎవరి గడపలను దాటి వచ్చినదో యొక్క క్షణము తలచుకొనవలెను. తలచుకొని, వారిలో నొకరికైనను చేతనైన సాయము చేసినచో, శ్రీమన్నారాయణుడు దానిని తన ఆలయమునకు చేసిన కైంకర్యముగానే స్వీకరించును.