బిడ్డ యనెడు నిక్షేపము

దూరదేశమునకు ఏగు గృహస్థుడు తన సొమ్మును నమ్మకస్థునియొద్ద దాచినచో దానిని నిక్షేపమందురు. మన స్మృతికారులు వ్యవహారపదములలో దానికి ప్రత్యేకస్థానమొసగిరి. దాచుకొన్నవానికి ఆ సొమ్ముపై స్వామ్యము లేదు. కాపాడి, అడిగిననాడు అప్పగింపవలసిన బాధ్యత మాత్రమే కలదు. పరుల బిడ్డలను పోషించుటకు ప్రభుత్వమిచ్చు లైసెన్సును కూడ ఈ దృష్టితోనే చూడవలయును. అది రద్దయినప్పుడు నిర్వాహకుడు తన మాట వినకయే రద్దుచేసిరని న్యాయస్థానమున మొరపెట్టుకొనును. అప్పుడు ముందుగా నిలువవలసినది అతని హక్కా, బిడ్డ క్షేమమా?

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. కోర్పనా పూర్వము రాజురా తాలూకాలోనిది. ఆ రాజురా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాలో ఉండెను. హద్దులు మారినను ఇచ్చటి తెలుగు ఇండ్లు మారలేదు. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్ సిమెంటు కర్మాగారముల చెంత తలిదండ్రులిరువురును పనికి పోవు కుటుంబములలో, ఇంట అవ్వ లేనిచో, పసివానిని మరాఠీవారు పాళణాఘర్ అని పిలుచు శిశుగృహమున విడువక తప్పదు. పేదరికముచే బిడ్డను వసతిగృహమునకు పంపువారును కలరు. 2019లో పొరుగుననున్న రాజురాలో, ఒక పాఠశాల వసతిగృహమున ఆదివాసీ బాలికలపై అత్యాచారములు జరిగినవన్న ఆరోపణ బయటపడినప్పుడు ఈ ప్రాంతమంతయు కలతచెందెను.

చట్టమేమి చెప్పుచున్నది? 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చిన 2015 నాటి బాలన్యాయ చట్టములోని 41వ సెక్షను ప్రకారము, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకొను ప్రతి గృహమును రిజిస్టరు కావలయును. ఆ రిజిస్ట్రేషను 5 సంవత్సరములు చెల్లును. పునరావాససేవలు అందింపని సంస్థ విషయమున ప్రభుత్వము నిర్ణీతపద్ధతి ననుసరించి దానిని రద్దుచేయవచ్చును. అది మరల లభించువరకు గృహమును ప్రభుత్వమే నడుపవలయును. పగటివేళ మాత్రము పిల్లలను చూచుకొను పాళణాఘర్‌కు ఈ సెక్షను ఉద్దేశింపబడలేదు గాని, ధర్మము రెండింటికిని ఒక్కటియే. రద్దును ప్రశ్నింపగోరు చంద్రపూర్ జిల్లావారు రాజ్యాంగములోని 226వ అధికరణము క్రింద బొంబాయి హైకోర్టు నాగపూర్ శాఖను ఆశ్రయింతురు.

నిర్వాహకుని వాదమును తేలికగా త్రోసివేయరాదు. భారతము ఆదిపర్వములోని మాండవ్యుని కథ మనమెరిగినదే. దొంగలు సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమమున దాగిరి. మౌనవ్రతమందున్న ముని భటులకు బదులుచెప్పలేదు. ఆ మౌనమునే నేరముగా ఎంచి రాజు ఆయనను కొఱత వేయించెను. పిమ్మట రాజు క్షమాపణ వేడెను గాని, జరిగిన కీడు మరలిపోలేదు. పాసుపోర్టును స్వాధీనముచేసికొనిన మేనకాగాంధీ వ్యాజ్యమున 1978లో మన సుప్రీంకోర్టు నిలిపిన సూత్రమును ఇట్టిదే: ఒకరి హక్కును హరించు అధికారి ముందుగా వారి మాట వినవలయును. శత్రువుయొక్క ఆకాశరామన్న ఉత్తరము ఒక్కటి చాలి గృహము మూతపడునెడల, సజ్జనులెవరును ఆ సేవకు పూనుకొనరు. ఆ నష్టము తుదకు బిడ్డలదే.

అయినను విచారణ ముగియువరకు బిడ్డలను అపాయమున ఉంచవచ్చునా? ఉంచరాదు. చిక్కు విడవలెనన్నచో రెండు ప్రశ్నలను వేరుచేయవలయును. ఈ రాత్రి బిడ్డ ఎక్కడ నిదురించును అనునది మొదటిది. దానికి బలమైన అనుమానమే చాలును; బిడ్డ క్షేమమే ప్రమాణము. నిర్వాహకుడు దోషియా, అతని అనుమతి శాశ్వతముగా పోవలయునా అనునది రెండవది. దానికి సాక్ష్యము, సమాధానము, నిష్పాక్షికమైన తీర్పు కావలయును. మొదటిదానికి రెండవదాని తీరిక పనికిరాదు. రెండవదానికి మొదటిదాని తొందర పనికిరాదు.

బిడ్డను తరలించుటయు సామాన్యకార్యము కాదు. 1999, 2001 సంవత్సరములలో హైదరాబాదు దత్తతసంస్థలపై, తండాలనుండి పసికందులను సొమ్మిచ్చి తెచ్చుచున్నారన్న ఆరోపణలు వచ్చెను. పలు సంస్థల అనుమతులు పోయెను. శిశువులు ప్రభుత్వ సంరక్షణకు మారిరి. దత్తత కోరినవారి వ్యాజ్యములు ఏండ్లతరబడి సాగెను. చర్య అవసరమే కావచ్చును. కాని వ్యాజ్యము వాయిదా పడును, బాల్యము వాయిదా పడదు. కావున ఒక తలుపును మూయువాడు మరియొక తలుపును ముందుగా తెరచి ఉంచవలయును. మన బిడ్డలకు ఇందు మరియొక కష్టము కలదు. తెలుగు తప్ప వేరు మాట రాని అయిదేండ్ల పిల్లను ఎక్కడనో దూరపు గృహమున చేర్చినచో, ఆమెకు ఆకలియని చెప్పుకొను మాట కూడ కరవగును.

మాండవ్యుని కథకు ఉత్తరభాగము కలదు. బాల్యమున పురుగులను గ్రుచ్చిన పాపమునకే ఆ శిక్షయని యముడు చెప్పగా, ముని అతనిని శపించి, 14 ఏండ్లవరకు పిల్లలకు పాపమంటదని మర్యాద నెలకొల్పెను. విచారణలేని శిక్షను అనుభవించినవాడే బాల్యమునకు రక్షణ కల్పించుట గమనింపదగినది. బాలన్యాయ చట్టములోని 3వ సెక్షను 16 మూలసూత్రములను చెప్పుచు బిడ్డ శ్రేయస్సును, బిడ్డ అభిప్రాయమును, సహజన్యాయమును ఒకే వరుసలో కూర్చెను. అవి పరస్పరము శత్రువులు కావు. ముని మౌనమును నేరమనుకొనుట ఎంత పొరపాటో, బిడ్డ మౌనమును తృప్తి యనుకొనుట అంత పొరపాటు.

నిర్వాహకుడు మనవాడైనప్పుడు అసలు పరీక్ష. అల్పసంఖ్యాకులుగ బ్రతుకు మనకు, మనవానిపై నింద పడగానే కులమంతయు ఒక్కటై నిలువవలెనని తోచును. అతనికి వకీలును కుదుర్చుట తప్పు కాదు. న్యాయమైన విచారణ అతని హక్కు. కాని అతనికొరకు ఒకరు నాగపూర్ పోవునెడల, తెలుగు తెలిసిన మరియొకరు బాలల సంక్షేమ సమితియెదుట ఆ బిడ్డ ప్రక్కన నిలువవలయును. నిక్షేపమును గూర్చి వివాదము పుట్టినప్పుడు దాచినవాడును దాచుకొన్నవాడును తమ మాట తాము చెప్పుకొందురు. ఇచ్చట నిక్షేపమునకే ప్రాణమున్నది. దాని మాటయు వినవలయును.