రెండవమారు తాకిన చెయ్యి

వాక్యభాగము: మార్కు 8:22–26



బేత్సయిదాలో కొందరు ఒక గ్రుడ్డివానిని యేసు ప్రభువునొద్దకు తెచ్చిరి. వారి పేర్లు సువార్తికుడు వ్రాయలేదు. ప్రభువు ఆ గ్రుడ్డివాని చెయ్యి పట్టి ఊరి బయటికి నడిపించెను. ఒకమారు తాకి, ఏమైన కనబడుచున్నదా యని అడిగెను. మనుష్యులు నడిచే చెట్లవలె అగపడిరి. ప్రభువు అంతటితో విడువక మరల తాకెను. చూపు తేటపడిన తరువాతనే అతనిని ఇంటికి పంపెను.

ఇల్లు విడిచి ఊరి బయట నున్నవారి కండ్లనుగూర్చి మనము ఈ మాసము ధ్యానింతము.

2017 ఆగస్టు మొదలుకొని 7 లక్షలకు పైగా రోహింగ్యా ప్రజలు మయన్మారు విడిచి పారిపోయి, బంగ్లాదేశములోని కాక్స్ బజారు శిబిరములలో చేరిరి. ప్రాణము దక్కించుకొని పరుగెత్తువానికి కళ్లజోడు వెదకుకొను వ్యవధి యుండునా? శుక్లములు కమ్మిన వృద్ధునికి క్రొత్త చోట గుడిసె ఏదో తెలియదు. క్రిక్కిరిసిన చోట, ముఖము కడుగుకొన నీళ్లు చాలని చోట, ట్రకోమా ఒకరినుండి ఒకరికి అంటును. ఆకుకూరయు పాలును ఎరుగని బిడ్డకు ఎ విటమిను కొరవడి రేచీకటి వచ్చును. శిబిరములో బియ్యము ఎంత అవసరమో కంటి పరీక్షయు అంత అవసరము.

ఇది దూరదేశపు సంగతి యని తలంపవద్దు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వాన మొగము చాటేసిన యేట ఎన్నో కుటుంబములు బెంగుళూరు కూలిపనులకు పోవుచున్నవి. అక్కడ రేకుల షెడ్డులలో కాపురము. వారిని శరణార్థులని ఎవరును పిలువరు. అయినను వారి కండ్లను విచారించు వారు అక్కడను లేరు. ఊరిలో మిగిలిన అవ్వకు శుక్లము ముదురుచున్నది. ఆసుపత్రికి తోడు పోవలసిన కొడుకు బెంగుళూరులో ఇటుకలు మోయుచున్నాడు. "ఈ వయసులో కండ్లెందుకులే" అని అవ్వయే అనుచున్నది. ఆ మాట వెనుక నున్నది వైరాగ్యము కాదు, తోడు లేమి.

కాబట్టి మొదటిది, చెయ్యి పట్టుకొనుట. డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ సత్యమును గ్రహించినది. వారి పద్ధతిలో 50,000 మందికి ఒక దృష్టి కేంద్రము, 5,000 మందికి ఒక గ్రామ కార్యకర్త. రోగి వచ్చునని ఆసుపత్రిలో కాచుకొనక, గడపవరకు పోవుటయే ఆ పద్ధతి. మన అనంతపురములోనే 2019 అక్టోబరు 10న రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లలతో మొదలుపెట్టి కంటి వెలుగు పథకమును ప్రారంభించెను. పుట్టపర్తిలో 1991లో తెరచిన పెద్ద ఆసుపత్రిలో కంటి వైద్యము ఉచితము. అది మనవారిది కాదని కొందరు వెనుకాడుదురు. దెబ్బలు తిన్న బాటసారి సమరయుని నూనెను వద్దనలేదు సుమా!

రెండవది, మరల తాకుట. పరీక్ష జరిగినది, చీటీ వ్రాసిరి. ఆ చీటీ చూరులో దూర్చిన చూపు వచ్చునా? శుక్లము ఆకు పసరుతో కరుగదు. పసరు పోసినయెడల కంటికి పుండు పడవచ్చును. శుక్లమునకు ఆపరేషనే మార్గము. ఆపరేషనైన తరువాత డాక్టరు చెప్పినన్నాళ్లు చుక్కలు వేయవలెను, చెప్పిన దినమున మరల చూపించుకొనవలెను. మొదటిసారి తోడు వచ్చినవాడు రెండవసారియు రావలెను. అక్కడనే మన ప్రేమ పరీక్షింపబడును.

మూడవది, ఇంటికి పంపుట. చూపు వచ్చినవాడు తన పనికి తిరిగి చేరవలెను. ధర్మవరములో నలువది దాటిన నేతగానికి చత్వారము వచ్చిన, పట్టుపోగు తెగినప్పుడు కొన చిక్కదు; కూలి తగ్గును. అస్సాము తేయాకు తోటలలో నలువదేండ్లు దాటిన 751 మందిని పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితము వినుడి: దగ్గరచూపు అద్దములు పొందినవారి పని, పొందనివారి పనికంటె ఐదవ వంతుకు పైగా హెచ్చినది. ఒక జత అద్దములు ఒక ఇంటి పొయ్యి వెలిగించును.

ప్రియులారా, వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘపెద్దలు ఒక పట్టీ వ్రాయుదురుగాక. చూపు మందగించినవారు ఎవరు? ఎవరికి తోడు లేదు? ఏ కులమువారైనను, ఏ మతమువారైనను పేరు చేర్చుడి. ఒక్కొక్క పేరునకు ఎదురుగా ఒక యౌవనుని పేరు వ్రాయుడి. రెండు ప్రయాణములకును అతడే బాధ్యుడు. వలస పోవువారిని బస్సెక్కకమునుపే పరీక్షకు పంపుడి. బిడ్డలకు ఆరు నెలలకొకమారు ఇచ్చు ఎ విటమిను మందు తప్పకుండ స్త్రీల సమాజము చూచుకొనునుగాక.

బేత్సయిదాలో ఆ గ్రుడ్డివానిని తెచ్చినవారి పేర్లు మనకు తెలియవు. మన పేర్లును ఎవరికిని తెలియనక్కరలేదు. చెయ్యి పట్టినవాడు సగము దారిలో విడిచెనని మాత్రము ఎవరును చెప్పకుందురుగాక. ఆమేన్.