పదిమంది జవాబు

ఇచ్చోడలో ఇంటర్మీడియెట్ రసాయనశాస్త్ర పరీక్ష ముగిసిన మధ్యాహ్నము విద్యార్థులు ద్వారముకడ గుమిగూడి జవాబులు సరిచూచుకొనుచుండిరి. ప్రశ్న చిన్నది: 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరికామ్లపు పి.హెచ్. ఎంత? ఎనిమిదని పదిమంది యనిరి. ఏడుకు రవ్వంత తక్కువ యని వ్రాసినవాడొక్కడే. అందరి మాట విని వాని మొగము వాడిపోయెను.

నిజమునకు వాడే ఒప్పు. ఆమ్లము నెంత పలుచన చేసినను క్షారము కానేరదు. నీరు తానుగా నిచ్చు హైడ్రోజన్ అయానులను గూడ లెక్కించినచో దాదాపు 6.98 వచ్చును. (ఈ శాస్త్రమున చేతులెత్తించి తీర్మానించు పద్ధతి లేదు.)

వారు నన్ను తీర్పడిగిరి. ఫలితములకింకను వారములు గలవు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట మన రాష్ట్రమున 20 మందికి మించిన పిల్లలు ఆత్మహత్య చేసికొనిరి. ఆ స్మృతి నా నాలుకను పట్టెను. అప్రియసత్యము పలుకవలదని మనుస్మృతి. కాని ప్రియమైన యసత్యమును గూడ వలదన్నది ఆ గ్రంథమే. మౌనము మూడవ మార్గమని తలంతుము. ఆ ద్వారముకడ నా మౌనము పదిమంది పక్షముననే నిలిచియుండును, ఒక్కని కలత యన్యాయముగా మిగులును.

ముందుగా అది రెండు మార్కుల ప్రశ్నయే యని చెప్పి, పిదప జవాబు చెప్పితిని. కొందరు నొచ్చుకొనిరి. ఒకడు మాత్రము "నీళ్ల సంగతే మరిచిపోయినం సారూ" అని నవ్వెను.