ఎజ్రా సిగ్గు, నెహెమ్యా ఉత్తరములు

వాక్యభాగములు: ఎజ్రా 8:15-34, నెహెమ్యా 2:7-9, అపొస్తలుల కార్యములు 23:11-24



మన సంఘములలో ప్రయాణ ప్రార్థన లేని నెల అరుదు. కువైటుకు ఇంటిపనికి వెళ్లే చెల్లి, ఇశ్రాయేలులో ముసలివారిని చూచుకొనే ఉద్యోగము దొరికిన తమ్ముడు, ఆఫ్రికాలో కంపెనీ పనికి కుదిరిన అల్లుడు, పరిశుద్ధ దేశ యాత్రకు డబ్బు కూడబెట్టుకొన్న పెద్దమ్మ. వీరిలో కొందరు వెళ్లునది తుపాకులు మ్రోగుచున్న దేశములకు, లేక ఎప్పుడు మ్రోగునో తెలియని దేశములకు. కాపరి తలమీద చెయ్యి వేసి ప్రార్థించును, తల్లి కొంగుతో కళ్లు తుడుచుకొనును, మనమందరము “దేవుడే చూచుకొంటాడు” అని సాగనంపుదుము. ఆ మాట సత్యమే. అయితే మనము చేయవలసిన పనిని కూడా ఆ మాటతో దేవుని మీదికి నెట్టివేయుచున్నామా అన్నదే మా ప్రశ్న.

ఎజ్రా బబులోను నుండి యెరూషలేముకు బయలుదేరినప్పుడు త్రోవలో శత్రువులు, పొంచియుండువారు ఉండిరి. వెంట చిన్నపిల్లలు, వెండి బంగారములు ఉండెను. రాజును సైన్యము అడుగుటకు ఎజ్రా సిగ్గుపడెను. దేవుని వెదకువారికి ఆయన హస్తము తోడుండునని రాజు ఎదుట తానే చెప్పియుండెను. అందుచేత అహవా నదియొద్ద ఉపవాసము ప్రకటించెను. “చూచితిరా, ఎజ్రా ఎవరినీ ఆశ్రయించలేదు” అని మన ప్రసంగములలో ఇంతవరకే చెప్పి ఆపివేయుదుము. దయచేసి ముందు వెనుకల వచనములు కూడా చదువుడి. అదే నదియొద్ద ఎజ్రా మూడు దినములు గుడారములు వేయించి జనమును తనిఖీ చేసెను. లేవీయులు ఒక్కరును లేరని కనిపెట్టి మనుష్యులను పంపి పిలిపించెను. వెండి బంగారములను తూచి పన్నిద్దరు యాజకులకు అప్పగించెను. యెరూషలేము చేరిన తరువాత మరల తూచి లెక్క వ్రాయించెను. సైన్యమును కాదన్న ఎజ్రా జాబితాను కాదనలేదు.

నెహెమ్యా త్రోవ వేరు. ఆయన రాజునొద్ద నది అవతలి అధికారులకు ఉత్తరములు అడిగి తీసికొనెను. ఆసాపునొద్ద మ్రానులకు మరియొక ఉత్తరము. రాజు సేనాధిపతులను, రౌతులను కూడా పంపెను. నెహెమ్యా వద్దనలేదు. ఇందులో అవిశ్వాసి ఎవరు? వాక్యము ఇద్దరినీ తప్పుపట్టలేదు. ఇద్దరూ తమ మీద దేవుని హస్తము ఉన్నదనియే వ్రాసిరి. ఆ ఉత్తరములను నేటి మాటలో చెప్పవలెనంటే వీసా, పని ఒప్పందము, ఎమిగ్రేషన్ అనుమతి. వీటిని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

పౌలు సంగతి మాకు ఇంకా ఇష్టము. రాత్రి ప్రభువే ప్రక్కన నిలిచి రోమాలో కూడా సాక్ష్యమియ్యవలెనని ధైర్యపరచెను. తెల్లవారగానే నలుబదిమందికి పైగా ఆయనను చంపువరకు అన్నపానములు ముట్టమని ఒట్టుపెట్టుకొనిరి. ఆ వార్త మేనల్లుడు తెచ్చెను. “ప్రభువు రాత్రే చెప్పెను, నాకేమి భయము” అని పౌలు కూర్చుండలేదు. ఆ చిన్నవానిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. ఆ రాత్రి 200 మంది సైనికులు, 70 మంది రౌతులు, 200 మంది ఈటెలవారు ఆయనను కైసరయకు సాగనంపిరి. ఒక వాగ్దానము కలిగిన మనుష్యుని వెంట 470 మంది కాపుదల!

కొందరు పెట్టె మూతలో 91వ కీర్తన కాగితము అంటించుకొందురు. మంచిదే. అయితే ఆ కీర్తనను ఎత్తిచూపి మన ప్రభువును దేవాలయ శిఖరము నుండి దుముకుమన్నది ఎవరో మత్తయి 4వ అధ్యాయములో చూడుడి. ప్రభువు దుముకలేదు.

సముద్రము దాటుట మనకు క్రొత్త కాదు. 1860లో నాటాలుకు కూలీలను తీసికొని వెళ్లిన మొదటి ఓడ ట్రూరో బయలుదేరినది మద్రాసు రేవు నుండియే. 1903లో నెల్లూరు ప్రాంత సంఘముల పక్షమున జాన్ రంగయ్యగారు అక్కడి తెలుగువారియొద్దకు మిషనరీగా వెళ్లునప్పటికి బోయర్ యుద్ధము ముగిసి ఏడాదియే అయినది. పంపిన సంఘము ఇక్కడ నిలిచి ఆయనను భరించెను. పంపుట అంటే రైలెక్కించుట కాదని మన పెద్దలకు తెలుసు.

ఇక యుద్ధము వచ్చినప్పుడు ఏమి జరుగునో చూడుడి. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటులో ప్రవేశించెను. బ్యాంకులు మూతబడెను. సుమారు 1,70,000 మంది భారతీయులు విమానములలో స్వదేశము చేరిరి. వారిలో అత్యధికులు ఎడారి మార్గమున జోర్డాను చేరి అమ్మాను నుండి విమానమెక్కినవారే. 2023 ఏప్రిల్ 15న సూడానులో పోరాటము మొదలైనప్పుడు ఖార్తూములోని మనవారు నీరు, కరెంటు లేక ఇండ్లలో చిక్కుకొనిరి. తరువాత బస్సులలో పోర్ట్ సూడాను చేరి, జెడ్డా మీదుగా ఇంటికి వచ్చిరి. ఇక్కడ ఒక సంగతి గమనించుడి. అంత ప్రమాదము తప్పించుకొని మన గడ్డమీద దిగిన తరువాత, యెల్లో ఫీవర్ టీకా కాగితము లేదని కొందరిని విమానాశ్రయములోనే ఆపి ప్రత్యేకముగా ఉంచవలసి వచ్చినది. తుపాకి ఆపలేనిదానిని ఒక పసుపు కాగితము ఆపెను!

ఆ టీకా చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయుదురు. ప్రయాణమునకు కనీసము 10 దినములు ముందు వేయించుకొనవలెను. ఒకసారి వేసికొన్న కాగితము ఇప్పుడు జీవితాంతము చెల్లును. ఆఫ్రికాలోని అనేక దేశములకు ఇది అవసరము. అది ఏ దేశమో, ఇంకా ఏ టీకాలు కావలెనో టికెట్టు కొన్న తరువాత కాదు, నెలన్నర ముందే వైద్యుని అడుగవలెను.

షుగరు, బీపీ ఉన్నవారు మందులను డబ్బాలో కలిపి పోసికొనిపోవద్దు. దుకాణములో ఇచ్చిన అట్టలతోనే, వైద్యుని చీటీతో తీసికొనుడి. చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు ఉండవలెను. పరదేశములో మన బ్రాండు ఎవరికి తెలియును? ఒక నెలకు అదనముగా ఉంచుకొనుడి, ఇన్సులిను చేతిసంచిలోనే. ట్రమడాల్, కోడీను ఉన్న మాత్రలు, దగ్గు మందులు గల్ఫులో కొన్నిచోట్ల జైలుకు దారితీయును. ప్రక్కింటివారు “మా అబ్బాయికి ఇవ్వండి” అని ఇచ్చు పొట్లమును విప్పి చూడక పెట్టెలో పెట్టవద్దు. మొగమాటము ఇక్కడ పనికిరాదు.

కాగితముల విషయములో మన ప్రాంతమునకు ఒక ప్రత్యేక చిక్కు ఉన్నది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రములో చేరినది మొదలు మన పిల్లల పేర్లు రెండు విధములుగా నడుచుచున్నవి. ఇంట్లో ఇంటిపేరు, బడిలో తండ్రి పేరు ఇనిషియలు, బాప్తిస్మము నాడు మరొక పేరు. పాస్‌పోర్టులో ఒకటి, ఒప్పందములో మరొకటి ఉంటే, తరలింపు జాబితాలో పేరు వెదకు నాడు తల్లి గుండె ఆగును. ముందే సరిచేయించుడి.

పదవ తరగతి కానివారు కువైటు, సౌదీ, ఇరాకు, సూడాను వంటి దేశములకు పనికి వెళ్లునప్పుడు ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉండవలెను. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదములో మరణించినా శాశ్వత వికలాంగులైనా 10 లక్షలు. బీమా అనగానే ముఖము ముడుచుకొనే పెద్దలు మనలో ఉన్నారు. వీడ్కోలు భోజనమునకు వేలు ఖర్చుచేసి 375 రూపాయల దగ్గర విశ్వాసము గుర్తుచేసికొనుట మాకు అర్థము కాదు. పరిశుద్ధ దేశ యాత్రికులు కూడా తమ ప్రయాణ బీమాను చదివించుకొనవలెను. యుద్ధము వలన కలిగే నష్టమును సాధారణముగా అవి భరించవు.

ఏజెంటు పని ఇప్పించెదనని విజిట్ వీసా చేతిలో పెడితే వెళ్లవద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలకు, దానిమీది పన్నుకు మించి తీసికొనరాదు, రసీదు ఇయ్యవలెను. థాయిలాండులో కంప్యూటరు ఉద్యోగమని నమ్మి, సరిహద్దు దాటించబడి మయన్మారులోని మ్యావాడ్డిలో మోసపు కంపెనీలలో బందీలైనవారిలో తమిళనాడు, ఆంధ్ర యువకులు ఉన్నారు. 2025 మార్చిలో వందలమందిని మన వాయుసేన విమానములలో తీసికొనిరావలసి వచ్చినది. వారు చదువుకొన్న పిల్లలే.

సంఘ పెద్దలారా, ఇక మీ వంతు. ప్రతి సంఘములో ప్రయాణికుల పుస్తకము ఒకటి తెరువుడి. పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, రక్తపు గ్రూపు, పని చేయు ఇంటి విలాసము, ఆ దేశములోని మన రాయబార కార్యాలయము నంబరు అందులో ఉండవలెను. చేరిన వారములోనే అక్కడ పేరు నమోదు చేసికొనెనా అని అడిగి వ్రాయుడి. వారానికి ఒక దినము, ఒక గంట ఫోనుకు నిర్ణయించుకొనుడి. ఫోను రాకపోతే ఎవరు ఎవరికి తెలియజేయవలెనో ముందే అనుకొనుడి. నెట్టు ఆగిపోయిన దేశములో ఫోనులోని నంబర్లు అక్కరకు రావు గనుక మూడు నంబర్లు కంఠస్థము చేయించుడి, బైబిలు వచనము నేర్పినట్లే. ఇక్కడ విడిచిపోయిన బిడ్డలను, ముసలి తల్లిని ఎవరు చూచుకొందురో స్త్రీల సమాజము పేరు పెట్టి వ్రాయవలెను. “సంఘము చూచుకొనును” అని వ్రాస్తే ఎవరూ చూడరు.

బుధవారపు ప్రార్థనలో ఆ పుస్తకము బల్లమీద తెరచి ఉండనియ్యుడి. ఇప్పటికే వెళ్లియున్నవారి పేర్లతో మొదలుపెట్టుడి. వారి కాగితముల నకళ్లు ఇంట్లో ఉన్నవో లేవో ఈ ఆదివారమే ఆరాధన తరువాత ఆయా తల్లిదండ్రులను అడిగి తెలిసికొనుడి.