మనల్ని ఓడించే మనిషి

చదరంగం ఆడేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే గెలిచిన ఆటల సంగతి తొందరగా అయిపోతుంది. ఓడిన ఆటల కబుర్లే పొద్దుపోయేదాకా సాగుతాయి. మా ఊరు పెనుగంచిప్రోలులో నా చెవిన పడ్డవన్నీ అలాంటివే. ఎవరో మాస్టారు ఏనుగును అప్పనంగా ఇచ్చేసి నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించిన వైనం, జగ్గయ్యపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఓ గుమాస్తా రెండు గుర్రాలతో అరుగు మీదున్న అందర్నీ ముప్పుతిప్పలు పెట్టిన సాయంత్రం. చెప్పేవాడు ఓడినవాడే. కథానాయకుడు మాత్రం ఎదుటివాడు.

ఇంకొకరి గొప్పతనాన్ని మనసారా చెప్పుకోవడం మామూలుగా మనకు అంత తేలిగ్గా వచ్చే పని కాదు. పక్కవాడి మిర్చికి మంచి ధర పలికిందని చెప్పేటప్పుడు, ఫలానావారి అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని చెప్పేటప్పుడు గొంతులో ఎక్కడో చిన్న ముల్లు కదులుతుంది. చదరంగం కబుర్లలో నాకా ముల్లు వినపడలేదు. ఇందులో సాకులకు చోటు లేకపోవడమే కారణమనుకుంటాను. పేకాటలో ముక్కలు పడలేదనవచ్చు, సేద్యంలో వాన మోసం చేసిందనవచ్చు. ఇక్కడ అరవై నాలుగు గళ్లూ ఇద్దరి కళ్లెదుటే ఉన్నాయి. వాడికి కనిపించింది నాకు కనిపించలేదు, అంతే. అది ఒప్పుకున్నాక అసూయకు పెద్దగా పని ఉండదు. వాడికెలా కనిపించిందన్న కుతూహలం మిగులుతుంది.

నాకు బాగా గుర్తున్న ఆట ఒక రిటైరైన లెక్కల మాస్టారితో ఆడింది. మడతపెట్టే అట్ట బోర్డు, ప్లాస్టిక్ పావులు. నల్ల శకటు ఒకటి ఎప్పుడో పోతే దాని గడిలో సీసా మూత పెట్టుకునేవాళ్లం. ఆట మధ్యలో నా గుర్రం ఆయన బంటు దెబ్బకు అందేలా నిలబడింది. నేనే నిలబెట్టాను. బంటు గుర్రాన్ని కొడితే పక్క వరుసలోకి జరుగుతుంది, అది ఉన్న వరుస ఖాళీ అవుతుంది, నా ఏనుగు నేరుగా ఆయన చివరి అడ్డవరుస దాకా దిగుతుంది. రాజు ముందు ఆయన బంట్లే మూడు గోడలా ఉన్నాయి, తప్పుకునే దారి లేదు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఇదేమీ పట్టలేదు, ఊరికే వచ్చిన గుర్రం కనిపించింది. కొట్టమని తొందరపెట్టారు. ఆయన చాలాసేపు చూసి, గుర్రం జోలికి పోకుండా, రాజు పక్కన చివరి బంటును ఒక్క గడి ముందుకు జరిపారు.

చూడటానికి అది ఎత్తులా కూడా లేదు. నేను గుర్రాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. రాజుకు ఊపిరాడే గడి దొరికింది కాబట్టి ఆయన మంత్రి, ఏనుగులు ఇంటి బెంగ లేకుండా నా మీదకు వచ్చాయి. ఆట కట్టాక ఆయన లేచిపోలేదు. పావులన్నిటినీ ఆ ఘట్టానికి తిరిగి సర్ది, "ఇక్కడ నేను గుర్రాన్ని కొడితే నువ్వేం చేద్దామనుకున్నావో ఆడి చూపించు" అన్నారు. చూపించాను. "బాగుంది. ఇంకొంచెం దాచి ఉంటే నేను పడేవాణ్ణే" అన్నారు. చేతికందిన లాభాన్ని కాసేపు అక్కడే ఉండనిచ్చి, ముందు ఇల్లు చూసుకోవడమనే పని ఒకటుందని నాకు అంతకుముందు ఎవరూ అంత స్పష్టంగా చూపించలేదు.

శ్రీకృష్ణదేవరాయల కాలంలో బొడ్డుచర్ల తిమ్మన అనే కవి ఉండేవాడని, వందమంది ఒక్కటై వచ్చినా రాయలతో ఆడే చదరంగంలో ఆయనదే గెలుపని చాటువు ఒకటి ఉంది. రాయలు ఆయనకు కొప్పోలును అగ్రహారంగా ఇచ్చాడని కూడా చెబుతారు. చాటువును చరిత్రగా లెక్కగట్టనక్కర్లేదు. కానీ తనకు ఓడిపోయేవాళ్లను చుట్టూ ఉంచుకోవడం అధికారానికి అలవాటు. తనను ఓడించేవాడికి ఊరు రాసిచ్చిన రాజు ఒకడున్నాడని తెలుగువాళ్లు తరాలుగా చెప్పుకున్నారు, అలాంటి రాజును కోరుకున్నారు. నాకు ఆ కోరిక మీద గౌరవం.

ఇప్పుడు ఫోన్లో అర్ధరాత్రయినా ప్రత్యర్థి దొరుకుతాడు. అయితే ఆ యంత్రం మన స్థాయివాణ్ణే వెతికి కూర్చోబెడుతుంది. ఆటగాడి స్థాయిని రేటింగ్ అనే అంకెతో కొలవడానికి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాడ్ ఎలో వేసిన లెక్కను అంతర్జాతీయ చెస్ సమాఖ్య 1970లో స్వీకరించింది. రేటింగ్ సమానమైతే ఇద్దరికీ చెరి సగం పాయింట్లు రావాలి, 400 తేడా ఉంటే తక్కువ రేటింగ్ ఉన్నవాడికి పది ఆటల్లో ఒక పాయింటు దక్కడమే ఎక్కువ. ఫోన్లో సగం గెలుస్తాం, సగం ఓడతాం, రోజు హాయిగా గడుస్తుంది. ఊరి అరుగు అలా సమం చూసి ఇవ్వదు. అక్కడున్నది ఆ మాస్టారే, ఆయన మనకన్నా చాలా గట్టివాడు. ఏళ్ల తరబడి ఓడుతూనే ఆడాలి. ఆ ఓటమిలోనే నాకు ఎక్కువ దొరికింది.

పెద్ద ఆటగాళ్లకూ ఇది తప్పదు. మన పాత కృష్ణా జిల్లా గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులో, జూడిత్ పోల్గార్ రికార్డును దాటి గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీల్లో తొలి రౌండే ఓడింది. అయినా 11 రౌండ్లు ముగిసేసరికి 8.5 పాయింట్లతో టైటిల్ ఆమెదే. తర్వాత 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్. హంపికి 38 ఏళ్లు, ఎదుట దివ్య దేశ్‌ముఖ్‌కు 19. రెండు క్లాసికల్ ఆటలూ డ్రా అయ్యాయి, టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ విజయంతోనే దివ్యకు గ్రాండ్‌మాస్టర్ హోదా వచ్చింది.

ఆ ఫైనల్‌ను హంపి ఓటమిగా మాత్రమే చెప్పుకోవడం నాకు నచ్చదు. ఒకనాడు పెద్దవాళ్లకు ఎదురు కూర్చున్న పిల్ల ఇరవై ఏళ్లు దాటాక కూడా అదే బోర్డు ముందు పూర్తి బలంతో కూర్చుంది. ఎదుట హంపి అంతటి మనిషి ఉండబట్టే దివ్య గెలుపుకు అంత విలువ వచ్చింది. బలం ఉన్నవాళ్లు చిన్నవాళ్లకు ఇవ్వగలిగింది ఇదే అనిపిస్తుంది: జాలితో విడిచిన ఆట కాదు, ఒక్క ఎత్తు కూడా తగ్గించని ఆట.

మా ఊరి తిరుపతమ్మ తల్లి పెద్ద తిరునాళ్లకు హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ పిల్లలు ఊరికి వస్తారు. వాళ్లలో చాలామందికి చదరంగం వచ్చు, ఫోన్లో రోజూ ఆడతారు. ఊళ్లో బాగా ఆడే పెద్దలకు నా మనవి ఒకటే. వాళ్లంతట వాళ్లు వస్తారని చూడకండి, మీరే పిలిచి కూర్చోబెట్టండి. పిల్లవాడు కదా అని ఆట వదిలేయకండి. ఓడించాక పావులు వెంటనే డబ్బాలో పోసేయకుండా, ఆట మలుపు తిరిగిన చోట మళ్లీ సర్ది, వాడేమనుకున్నాడో ముందు వాణ్ణే చెప్పనివ్వండి.