ముందుగా అడుగవలసిన ప్రశ్న

(పఠనమునకు: యోహాను 17:14-18, 1 కొరింథీయులకు 6:1-8)

సూరత్ నగరములో లింబాయత్, ఉధనా ప్రాంతముల గుండా నడచువారికి మొదట వినవచ్చునది మనుష్యుల మాట కాదు, మరమగ్గముల మోత. ఆ మోత నడుమ తెలుగు మాట కూడ వినబడును. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతముల పల్లెల నుండి పద్మశాలీలును, వారితోపాటు ఇతరులును బ్రతుకు తెరువునకై ఈ తాపీ తీర నగరమునకు వచ్చి స్థిరపడిరి. వారి బిడ్డల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో పాఠశాలలు సైతము నడుపుచున్నది.

వీరిలో అనేకుల తాతతండ్రులు చేమగ్గము నేసినవారు. ఆ మగ్గము ఇంటిలోనే, గుంటలో ఉండెడిది. యజమాని నేయుచుండగా ఇల్లాలు కండెలు చుట్టెడిది. ముదుసలి తల్లి నూలు చిక్కు తీసెడిది. పిల్లవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి పడుగేదో పేకయేదో నేర్చుకొనెడివాడు. ఆ జీవితమును స్వర్ణయుగమని వర్ణించుట అబద్ధమగును. అందు అప్పులుండెను, ఆకలియుండెను. నూలు ధర పెరిగిన ఏట పొయ్యి వెలుగని యిండ్లుండెను. సూరత్ కూలి ఎన్నో కుటుంబములను నిలబెట్టినది. ఈ మాట మరువకుండ తక్కిన మాట చెప్పవలెను. మరమగ్గము (సిరిసిల్ల వారు దానిని సాంచె అందురు) కుటుంబము నడుమ కూర్చుండునది కాదు. అది షెడ్డులో ఉండును. పండ్రెండు గంటల పాళీ అడుగును. ఒక్క మనిషి పలు మగ్గముల నడుమ అటునిటు తిరుగుచుండవలెను. నేసిన మీటర్ల లెక్కన కూలి వచ్చును. రాత్రి పాళీ ముగించుకొని తండ్రి ఇల్లు చేరు వేళకు పిల్లలు బడికి బయలుదేరుచుందురు.

మంచిదో చెడ్డదో గాని, ఈ మార్పును గూర్చి ఎవరును ఎవరినీ అడుగలేదు. మగ్గము మారినది, ఇల్లు దానికి తగినట్లు మారినది. లోకమంతట జరుగునది ఇదియే. మోటారు బండి, టెలివిజను, నేడు అరచేతిలోని మొబైల్ ఫోను, ఒక్కొక్కటి వచ్చి ఇంట పీట వేసికొని కూర్చున్న తరువాత, దానివలన కలిగిన నష్టమును గూర్చి ఉపన్యాసములు జరుగును. క్రైస్తవ గృహములలోను ఇంతే. వస్తువు ఇంట అడుగుపెట్టక మునుపే సంఘము కూడుకొని, "ఇది మన కుటుంబములను ఏమి చేయును? పొరుగువానితో మనకున్న సంబంధమును ఏమి చేయును?" అని అడిగి, ప్రార్థించి, తీర్మానించుకొను ఆచారము ఎచ్చటనైనను కలదా?

కలదు. అమెరికా దేశములోని ఆమిష్ ప్రజలు దానిని ఆచరించుచున్నారు. 1525లో స్విట్జర్లాండు దేశపు జూరిచ్ నగరములో, విశ్వాసము ఒప్పుకొనిన పెద్దలకే బాప్తిస్మమని నమ్మి, ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకొనిన చిన్న గుంపు నుండి వీరి చరిత్ర ఆరంభమగుచున్నది. వారు ఖడ్గము పట్టరాదనిరి, ప్రమాణము చేయరాదనిరి. రెండేండ్లు గడువకముందే వారి నాయకులలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాట్ నదిలో ముంచి చంపిరి. తరువాత 1693లో, సంఘక్రమశిక్షణ మరింత గట్టిగా ఉండవలెనని యాకోబ్ అమ్మాన్ అను పెద్ద పట్టుబట్టగా, అతనిని వెంబడించినవారు ఆమిష్ అనబడిరి. పదునెనిమిదవ శతాబ్దములో వారు పెన్సిల్వేనియాకు వలసపోయిరి. వారి సంఖ్య నేడు నాలుగు లక్షలు దాటినది.

తెలుగు విశ్వాసులకు ఈ వంశము బొత్తిగా పరాయిది కాదు. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, దేవరకొండ ప్రాంతములలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘములు ఆ చెట్టు కొమ్మలే. రష్యా దేశపు మెన్నోనైట్లయిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో నల్లగొండ సీమ సేవకై వచ్చిరి. అయితే ఆమిష్ వారు ఆ వంశములో మిక్కిలి కఠినమైన శాఖ. వారి గుఱ్ఱపు బండ్లను, నల్లని టోపీలను, గుండీలకు బదులు కొక్కెములను చూచి జనులు నవ్వుకొందురు, ఫొటోలు తీసికొందురు. చూడదగినది అది కాదు.

వారికి యంత్రము పాపము కాదు. ఇది అనేకులు ఎరుగని సంగతి. ఇరువది ముప్పది కుటుంబములు ఒక సంఘముగా నుండి, ఆలయము కట్టుకొనక, వారము విడిచి వారము ఒక్కొక్కరి యింట ఆరాధించుదురు. ఏటికి రెండు మారులు, ప్రభువు బల్లకు ముందు, సంఘమంతయు కూడి తమ జీవన నియమములను విచారించును. ఆ నియమముల మొత్తమునకు ఆర్డ్నుంగ్ అని పేరు. ఏకమనస్సు లేనియెడల బల్ల వాయిదా పడును. ఇరువదవ శతాబ్దారంభమున టెలిఫోను వచ్చినపుడు లాంకాస్టర్ ప్రాంతములో ఇట్లే తర్కించిరి. ఇంటిలో టెలిఫోనున్నచో మనుష్యులు ఒకరి గుమ్మము ఒకరు త్రొక్కుట మానుదురు, చాటుమాటలు పెరుగునని భావించి, ఇంటిలో వద్దనిరి. కాని వైద్యుని పిలుచుటకు, వ్యాపారమునకు అవసరమని గుర్తించి, పొలము గట్టున చిన్న గదిలో, నలుగురు పంచుకొనునట్లు ఉంచుటకు పిమ్మట అనుమతించిరి. మోటారు కారు ఎక్కవచ్చును గాని సొంతముగా ఉంచుకొనరాదు. ఉన్నచో ఎవరి దారి వారిదగునని వారి భయము. ఇది కపటమని ఎగతాళి చేయువారు కలరు. పైకి అట్లే తోచును. అయినను వారి ప్రశ్న "ఇది పాపమా?" అన్నది కాదు, "ఇది మనలను విడదీయునా?" అన్నది. ఆ దృష్టితో చూచినపుడు గదిలోని టెలిఫోనుకును ఇంటిలోని టెలిఫోనుకును ఎంతో భేదము కలదు.

భీమా విషయమును చూడుడు. వృద్ధుల, విధవరాండ్ర, రోగుల భారము సంఘముదే గనుక, ప్రభుత్వ భద్రతా పథకము తమకు వద్దని వారు కోరగా, 1965లో అమెరికా ప్రభుత్వము వారికి మినహాయింపు ఇచ్చెను. కొట్టము కాలిపోయినచో ఇరుగుపొరుగువారు కూడి కొత్తది నిలబెట్టుదురు. సూరత్ మగ్గములపై పనిచేయు కూలీలలో చాలామందికి కూడ భీమా లేదు, భవిష్యనిధి లేదు. కాని అది వారు కోరుకొనినది కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి మగ్గములు ఆగినపుడు, కూలి ఆగిన వేలాది వలస కార్మికులు ఇంటికి పంపుడని ఆ నగర వీధులలోనికి వచ్చిరి. ఒకచోట మనిషి వెనుక సంఘమున్నది గనుక పథకము అక్కరలేకపోయెను. మరియొకచోట పథకమును లేదు, మనిషి వెనుక నిలుచువారును లేరు.

ఇంత చెప్పి ఆమిష్ మార్గమే సువార్త మార్గమనుట తొందరపాటగును. ఎనిమిదవ తరగతితో వారి పిల్లల చదువు ఆగును. ఈ హక్కును అమెరికా సుప్రీంకోర్టు 1972లో అంగీకరించెను గాని, ఆ చదువు ఎవరిదో ఆ బిడ్డ మాట అడిగినవారు అరుదు. బాప్తిస్మము పొందిన తరువాత సంఘమును విడిచినవానితో అయినవారే కలిసి భుజింపరు. తల్లి వండిన అన్నము వేరు బల్లమీద తిను కుమారుని దుఃఖము ఏ క్రమశిక్షణతోను సమర్థింపబడునది కాదనిపించును. మరియు వారు సువార్తకై అన్యుల యొద్దకు పోవుట అరుదు. శిష్యులను లోకమునుండి తొలగింపుమని ప్రభువు వేడుకొనలేదు. లోకములో నుంచియే కాపాడుమని వేడుకొని, వారిని లోకములోనికి పంపెను. వేరుపడుటయు, పంపబడుటయు ఒకే ప్రార్థనలో ఉన్నవి. రెంటిని ఒకచోట ఉంచుట ఎట్లు?

ఆ ప్రయత్నము సూరత్ సమీపముననే జరిగినది. సూరత్‌కు దక్షిణమున సుమారు 70 కిలోమీటర్ల దూరములోనున్న బల్సార్ పట్టణమునకు (నేటి వల్సాద్) విల్బర్ స్టోవర్, ఆయన భార్య మేరీ, బెర్తా రయన్ అను సేవకులు అమెరికా నుండి వచ్చిరి. వారు 1894లో ఓడ ఎక్కిరి. వారి సంఘము పేరు చర్చ్ ఆఫ్ ది బ్రదరెన్. 1836లో నర్సాపురము సీమకు వచ్చిన బౌడెన్, బీర్ దొరల బ్రదరెన్ సహవాసము వేరు, ఇది వేరు. 1708లో జర్మనీలోని ష్వార్‌జెనౌ గ్రామమున ఏటిలో బాప్తిస్మము పొందిన ఎనిమిదిమందితో ఈ సంఘము మొదలైనది. వీరును సాదా వస్త్రముల వారే, యుద్ధమును ప్రమాణమును నిరాకరించినవారే, ప్రభువు బల్లకు ముందు ఒకరి పాదములు ఒకరు కడిగినవారే. ఆమిష్ వారికి దాయాదులనవచ్చును.

వారు గుజరాతుకు వచ్చిన కొలది ఏండ్లకే 1899-1900 నాటి ఘోర క్షామము వచ్చెను. సంవత్ 56లో వచ్చినది గనుక గుజరాతీలు దానిని ఛప్పనియో అందురు. తల్లిదండ్రులు లేని పిల్లలను బల్సార్‌లో చేర్చి పోషించిరి. అంక్లేశ్వర్, వ్యారా మొదలగు చోట్ల, భిల్లుల, ఇతర ఆదివాసుల మధ్య బడులు, సంఘములు వెలసెను. అదే కాలమున అమెరికాలో వారి వస్త్రనియమము సడలుచుండెను. సాదా వస్త్రము మంచిదే గాని సంఘ సభ్యత్వమునకు అది షరతు కాదని 1911లో వారి వార్షిక సభ తీర్మానించెను. ఇందులో పెద్ద నష్టము జరిగినదని చెప్పజాలము. క్షామములో అన్నము వడ్డించు చేతికి టోపీ ఆకారముతో పనిలేదు.

నష్టము వేరొకచోట జరిగినది. 1970లో నాగపూరులో చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా ఏర్పడినపుడు ఈ సంఘమును అందులో చేరెను. కొంతకాలమునకు, ఆ కలయిక తమకు సమ్మతము కాదని కొందరు వెలుపలికి వచ్చిరి. ఆలయములు ఎవరివి, భూములు ఎవరివి అను వివాదము న్యాయస్థానములకు ఎక్కెను. 2005లో ఒకసారి, 2013లో మరొకసారి భారత సుప్రీంకోర్టు ఆ వివాదములపై తీర్పులు చెప్పవలసి వచ్చెను. ఎవరి పక్షము న్యాయమో ఇచట విచారింపనక్కరలేదు. ఇరువైపుల భక్తిపరులుండిరి, తమ తాతలు కట్టిన గుడిమీద ప్రేమ ఉండుట సహజము. కాని ప్రమాణము చేయుటకు నిరాకరించినవారి, సహోదరునిపై వ్యాజ్యెము పెట్టుటకంటె నష్టపోవుట మేలని అపొస్తలుడు కొరింథు సంఘమునకు వ్రాసినదానిని అక్షరార్థముగా ఎంచినవారి వారసులు న్యాయస్థానపు మెట్లమీద ఎదురెదురుగా నిలుచుట చూచినవారికి మనస్సు బరువెక్కును. తెలుగు సంఘములు ఈ విషయములో ఎవరినీ వేలెత్తి చూపు స్థితిలో లేవు.

2006 అక్టోబరు 2వ తేదీన పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్ గ్రామమున, ఒక సాయుధుడు ఆమిష్ బడిలో ప్రవేశించి పదిమంది బాలికలను కాల్చెను. ఐదుగురు మరణించిరి. అతడును ప్రాణము తీసికొనెను. ఆ సాయంకాలమే ఆమిష్ పెద్దలు ఆ హంతకుని భార్యయొద్దకు పోయి, ఆమెపై తమకు పగ లేదని చెప్పిరి. అతని భూస్థాపనకు వచ్చినవారిలో సగమునకు పైగా ఆమిష్ వారే. లోకమునుండి వచ్చిన విరాళములలో కొంత అతని పిల్లలకును ఇచ్చిరి. అది ఒక్క దినమున పుట్టిన బలము కాదు. ఇది నాకు కావలెనను పట్టును చిన్న వస్తువులయెడల, టెలిఫోను యెడల, కారు యెడల, నిత్యము సడలించుకొనుచు వచ్చినవారు, పెద్ద దినము వచ్చినపుడు పగ యెడలను దానిని సడలింపగలిగిరి. జర్మను భాషలో వారు దీనిని గెలాసెన్‌హైట్ అందురు. తన్ను తాను విడిచివేసికొనుట అని చెప్పుకొనవచ్చును. బాధ లేకపోలేదు. ఆ తల్లులు ఏండ్ల తరబడి ఏడ్చిరి. క్షమించుట ప్రతి ఉదయము క్రొత్తగా చేయవలసిన పని అని వారిలో కొందరు చెప్పిరి. ఆ బడిని పదిరోజులలో పడగొట్టి ఆ స్థలములో గడ్డి మొలిపించిరి. కొద్ది దూరమున మరియొక బడి కట్టిరి.

ఇక లింబాయత్ షెడ్డులోని మనిషి సంగతి. ఇంకొక జత మగ్గములు చూచుకొందువా, కూలి పెరుగునని సేఠ్ అడుగును. ఆదివారము పాళీకి వత్తువా అని అడుగును. కుమార్తెకు ఫోను కొనవలెనని ఇంట ఒత్తిడి వచ్చును. వీటిలో ఏదియు పాపము కాదు, ఏదియు చిన్న సంగతియు కాదు. పెన్సిల్వేనియా రైతు ఇట్టి ప్రశ్నలను తన ముప్పది కుటుంబములతో కలిసి అడుగుకొనును. ఇచట ఆదివార కూటము ముగిసిన తరువాత కాపరి అతని కానుకను గూర్చి, హాజరును గూర్చి అడుగును. మగ్గముల లెక్కను గూర్చి అడుగడు. అది సంఘమునకు సంబంధించిన విషయమని ఎవరికిని తోచదు, అతనికిని తోచదు. ఆ రాత్రి అతడు పాళీకి పోవుచు, దారిలో ఒంటరిగానే లెక్క వేసికొనును.