జీవంధరస్వామియు గాయపడిన కుక్కయు



జీవంధరస్వామి కథ మన యిండ్లలో తెలియనివారుండరు. యజ్ఞద్రవ్యమును ముట్టినదని కొందరు కొట్టగా కొనయూపిరితోనున్న కుక్క చెవిలో ఆయన పంచనమస్కార మంత్రము చెప్పెను. ఆ జీవము సుదర్శన యక్షుడై పుట్టెను. వాదీభసింహసూరి క్షత్రచూడామణిలోను, తమిళమున తిరుత్తక్కదేవర్ జీవకచింతామణిలోను ఈ వృత్తాంతమున్నది. అయితే మనము కథ చివరిభాగమునే పట్టుకొంటిమి. ఆయన మొదట దానిని బ్రతికింపజూచెను. అది సాధ్యము కాదని తెలిసిన పిమ్మటనే మంత్రముపదేశించెను.

అంగడి ముందర లారీ తగిలి కాలు విరిగిన కుక్క చెవిలో ణమోకారము చదివి, "దాని కర్మము" అని గల్లాపెట్టె వద్దకు తిరిగివచ్చుట జీవంధరుని మార్గము కాదు. దాని కర్మము దానిదే, నిజము. చూచియు కదలని కర్మము మాత్రము మనది.

ఎంత సాధువైన కుక్కయైనను నొప్పిలో కరచును. కనుక మెత్తని గుడ్డపేలికతో మూతి కట్టవలెను. వాంతి చేసికొనుచున్నను, ఊపిరి ఆడకున్నను కట్టరాదు. ఇక్కడ ఒక సందేహము వచ్చును: బంధనము అహింసాణువ్రతమునకు అతిచారము గదా? తత్త్వార్థసూత్రము హింసకు మూలము ప్రమత్తయోగమని చెప్పుచున్నది. కోపముతోనో లోభముతోనో కట్టిన త్రాడు వేరు, చికిత్సకై కొంతసేపు చుట్టిన గుడ్డ వేరు. వైద్యుడు పిల్లవాని చేయి గట్టిగా పట్టుకొని సూది వేసిన, అది హింసయని ఏ తల్లియు అనదు.

రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డను ఒత్తిపట్టవలెను. ఆగినదా యని మాటిమాటికి ఎత్తి చూడరాదు. గుడ్డ తడిసిన పైన ఇంకొకటి వేయవలెను. వెన్ను విరిగియుండవచ్చును గనుక కాళ్లు పట్టి ఈడ్వక, పలకమీదనో దుప్పటిమీదనో మోసికొనిపోవలెను. జాలిపడి నోట పాలు పోయుట మనలో చాలమందికి అలవాటు. స్పృహ తప్పిన జీవమునకు అవి ఊపిరితిత్తులలోనికి పోవును. పారాసిటమాల్ వంటి మన నొప్పిమాత్రలు కుక్కకు విషము కాగలవు. లేచి నడచిపోయినను నమ్మరాదు. చిగుళ్లు తెల్లబారినచో లోపల రక్తము పోవుచున్నదేమో యని అనుమానింపవలెను. కొన్ని ప్రాంతములలో 1962 సంఖ్యకు ఫోను చేసిన సంచార పశువైద్య వాహనము వచ్చును. కుక్క మనలను కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, అదేనాడు టీకాకు పోవలెను.

ఇక ఖర్చు. 1832లో బొంబాయి ప్రభుత్వము వీధికుక్కలను చంపించుచుండగా పార్సీలు, జైనులు, హిందువులు అంగళ్లు మూసి ఎదిరించిరి. 1834లో అచ్చట పింజ్రాపోల్ వెలసినది. వర్తకులు తమ సరకులపై తామే లాగా వేసికొని దానిని పోషించిరి. లెక్కలు మనకు క్రొత్తవిద్య కాదు. ఖాతాలో జీవదయకు ఒక పద్దు తెరచుట ఎంతసేపు? గల్లాపెట్టె క్రింద ఒక పాతదుప్పటి, కొన్ని ఉతికిన గుడ్డలు ఉంచుడు. మీ యూర రాత్రివేళ తెరచియుండు పశువైద్యశాల ఏదో ఈ పర్యూషణమునకు ముందే విచారించి, దాని ఫోను సంఖ్యను మందిరపు నల్లబల్లపై వ్రాయించుడు.